విల్లుతో అన్నిటికంటే కష్టమైన వేట ఏది? నేనైతే కూస్ జింక అంటాను

డల్లాస్‌లో ఉంటున్నానని, రెండేళ్లుగా కాంపౌండ్ విల్లుతో (కొసల్లో చక్రాలుండే ఆధునిక విల్లు) సాధన చేస్తున్నానని, టార్గెట్ మీద 60 గజాల దాకా గురి కుదిరిందని రాశారు. ఉత్తర అమెరికాలో విల్లుతో వేటాడే పెద్ద జంతువుల్లో అన్నిటికంటే కష్టమైనది ఏదని మీ ప్రశ్న. మీతో పాటు సాధన చేసేవాళ్లలో కొందరు బిగ్‌హార్న్ కొండగొర్రె అన్నారని, కొందరు గ్రిజ్లీ ఎలుగుబంటి అన్నారని కూడా చెప్పారు.

నా సమాధానం ఆ రెండూ కాదు. కూస్ జింక. అరిజోనా దక్షిణ భాగంలో, న్యూ మెక్సికో నైరుతి మూలలో, సరిహద్దు దాటితే మెక్సికోలోని సొనోరా కొండల్లో తిరిగే చిన్న జింక. మీ టెక్సస్‌లో రోడ్డు పక్కన కనిపించే వైట్‌టెయిల్ జింకకి ఇది ఉపజాతి. పెద్ద పోతు కూడా వంద పౌండ్లకు కాస్త అటూ ఇటూ తూగుతుంది. ఎలియట్ కూస్ అనే 19వ శతాబ్దపు సైనిక వైద్యుడి పేరు దీనికి పెట్టారు. ఆయన ఇంటిపేరు పలికే తీరు 'కౌజ్' అట, కానీ ఇక్కడి వేటగాళ్లందరూ 'కూస్' అనే అంటారు, నేనూ అలాగే రాస్తున్నాను.

నేను ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో పంతొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. విల్లు పట్టుకుని పద్నాలుగు జనవరులు ఈ జింక వెంట తిరిగాను. ఇంటికి తెచ్చినవి మూడు. మొదటిది దొరకడానికే ఆరేళ్లు పట్టింది. ఇదే కాలంలో కొలరాడోలో నాలుగు ఎల్క్‌లు (పెద్ద జాతి జింకలు) కొట్టాను, వాటి కోసం తిరిగిన రోజులు లెక్కపెడితే కూస్ కోసం తిరిగినవాటిలో మూడో వంతు కూడా ఉండవు.

ముందు 'కష్టం' అంటే ఏమిటో తేల్చుకుందాం. వేటగాళ్ల మాటల్లో మూడు రకాల కష్టాలు కలిసిపోతుంటాయి. అనుమతి దొరకడం ఒకటి. ఆ చోటికి చేరడం, కొండ ఎక్కడం, చలికి తట్టుకోవడం ఇంకొకటి. జంతువు కంటపడ్డాక బాణం పనిచేసేంత దగ్గరికి వెళ్లడం మూడోది. మొదటి రెండూ తుపాకీ పట్టినవాడికీ ఉంటాయి. మూడోది మాత్రం పూర్తిగా మనది. అందుకే విల్లుతో ఏది కష్టమని ఎవరడిగినా నేను ఆఖరి అరవై గజాలనే కొలుస్తాను.

బిగ్‌హార్న్‌కి కష్టమైన వేట అన్న పేరు రావడానికి పెద్ద కారణం మొదటి కష్టమే. ట్యాగ్, అంటే ఒక జంతువును వేటాడే అనుమతి, లాటరీలో రావాలి. ఇరవై, ముప్పై ఏళ్లు అప్లై చేస్తూ ఉన్నవాళ్లు నాకు తెలుసు. అరిజోనాలో ఒక మనిషికి జీవితం మొత్తానికి ఒక్క డెజర్ట్ బిగ్‌హార్న్ మాత్రమే రాసిపెట్టి ఉంటుంది. గొర్రెల సంరక్షణ కోసం వేలం వేసే కొద్దిపాటి ట్యాగులు లక్షల డాలర్లకు పోతాయి. అలాస్కాలో డాల్ గొర్రెకు, అక్కడ దగ్గరి బంధువు లేని బయటి రాష్ట్రంవాళ్లు గైడ్‌ని పెట్టుకోక తప్పదు, ఆ ఖర్చు మామూలుగా ఉండదు. నాకు ఇంతవరకు గొర్రె ట్యాగ్ రాలేదు. కానీ ఒక స్నేహితుడికి వచ్చినప్పుడు పది రోజులు తోడు వెళ్లాను. దాని చూపు భయంకరమైన చూపు, అందులో సందేహం లేదు. అయితే గొర్రె ఎప్పుడూ కిందికి చూస్తుంది, ప్రమాదం కింద నుంచే వస్తుందని దాని నమ్మకం. ఒక చోట పడుకుంటే గంటల తరబడి కదలదు. చుట్టూ ఉన్న బండలే మనకు మాటు. కొండ చుట్టి పై నుంచి దిగితే దారి ఉంటుంది. మా స్నేహితుడు నాలుగో రోజు 38 గజాల్లోకి వెళ్లగలిగాడు. ఆ ట్యాగ్ కోసం అతను పందొమ్మిది ఏళ్లు ఆగాడు, ఆఖరి అరవై గజాలకు పట్టింది ఒక పూట.

గ్రిజ్లీ సంగతి వేరు. ప్రమాదం, కష్టం రెండూ ఒకటి కావు. 1911లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ దగ్గర బయటి లోకంలోకి వచ్చిన ఇషీ గురించి వినే ఉంటారు, యాహీ తెగలో మిగిలిన చివరి మనిషి. ఆయనకు వైద్యం చేసిన డాక్టర్ శాక్స్‌టన్ పోప్, ఆయన దగ్గరే విల్లు నేర్చుకున్నాడు. పోప్, ఆయన మిత్రుడు ఆర్థర్ యంగ్ కలిసి 1920లో ఒక మ్యూజియం కోసం యెల్లోస్టోన్‌లో గ్రిజ్లీలను బాణాలతో కొట్టారు. చేత్తో చెక్కుకున్న విల్లులతో, చెక్క బాణాలతో. ఈ రోజు విల్లు వేట రికార్డులు రాసే పోప్ అండ్ యంగ్ క్లబ్, 1961లో పెట్టింది, వాళ్లిద్దరి పేరు మీదే. ఎలుగుబంటికి ముక్కు చాలా గొప్పది, కానీ అది ఏటి ఒడ్డునో పండ్ల పొదల్లోనో తలవంచుకుని తింటున్నప్పుడు గాలి కుదిరితే దగ్గరికి వెళ్లొచ్చు. ఆ దగ్గర నిలబడడానికి గుండె కావాలి, నేను ఒప్పుకుంటాను.

మిగతావాటిని త్వరగా చెప్పేస్తాను. మస్క్ ఆక్స్‌లను (మంచు ప్రాంతపు ఎద్దులాంటి జంతువులు) బెదిరిస్తే పారిపోకుండా గుండ్రంగా చేరి నిలబడతాయి. అక్కడ పోరాటమంతా చలితోనే. క్యారిబూకి కుతూహలం ఎక్కువ. మూస్ పిలిస్తే వస్తుంది. కౌగర్‌ని (కొండ సింహం) కుక్కలతో తరిమి చెట్టెక్కించి కొడతారు. మంచులో ఆ పరుగు మనిషిని పిండేస్తుంది, బాణం వేసే దూరం మాత్రం పదిహేను గజాలు. కుక్కలు లేకుండా కాలినడకన కౌగర్‌ని వెతికి విల్లుతో కొట్టడమైతే కూస్ కంటే కష్టమే, కానీ అది వేట కంటే ఎక్కువగా అదృష్టం, ఎదురుపడాలంతే. కొండమేక ఉండే చోట మనం జారితే మనం పోతాం, అది జారితే మాంసం, కొమ్ములు అన్నీ నుజ్జవుతాయి, అందుకే బాణం వదిలేముందు అది ఎక్కడ పడుతుందో చూసుకోవాలి. జింకలాంటి ప్రాంగ్‌హార్న్ కళ్లు చూస్తే దేవుడు వాటి కోసమే ఎడారి మైదానాన్ని చదును చేశాడా అనిపిస్తుంది. వెంటాడితే దక్కదు, ఆగస్టు ఎండలో నీటి గుంట పక్కన గుడారంలో పన్నెండు గంటలు కూర్చోగలిగితే వస్తుంది.

ఎల్క్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. మీరు మొదట వెళ్లాల్సింది దాని దగ్గరికే. సెప్టెంబర్‌లో పోతు ఎల్క్ ఈల వేసినట్టు అరుస్తుంది, కొండంతా మోగుతుంది. అంటే ఎక్కడుందో అదే చెబుతుంది. మనం ఆడ ఎల్క్ గొంతుతో పిలిస్తే కొన్నిసార్లు అదే మన దగ్గరికి నడిచొస్తుంది. మందలో కళ్లు ఎక్కువ, ముక్కులు ఎక్కువ, ఒక్కదానికి వాసన తగిలితే ముప్పై పోతాయి. కానీ మంద నడుస్తుంటే వాటి గోల వాటికే ఎక్కువ, మన కాలి కింద పుల్ల విరిగినా పట్టించుకోవు. గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు అన్నం పళ్లెం కంటే పెద్దది. కూస్‌కి అదే చోటు టిఫిన్ ప్లేటంత.

ఇప్పుడు విల్లు లెక్క. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ చేతిలో చూసే కాంపౌండ్ విల్లు లాంటిదే మన వేట విల్లు కూడా. కాకపోతే ఆమె 50 గజాలకు పైగా దూరంలో, కదలని కాగితం మీద కొడుతుంది. వేట బాణం బరువు ఎక్కువ. సెకనుకు 280 అడుగుల వేగం అనుకోండి. 40 గజాలంటే 120 అడుగులు, బాణం చేరడానికి 0.43 సెకన్లు పడుతుంది. వింటినారి చప్పుడు అంతకు ముందే, 0.11 సెకన్లలో చేరిపోతుంది. అంటే చప్పుడు విన్నాక బాణం తగిలేలోపు జింకకు 0.32 సెకన్లు మిగిలాయి. మనం రెప్పపాటు అంటాం చూడండి, దాదాపు అంత. ఆ రెప్పపాటులో కూస్ జింక దూకడానికి కాళ్లు ముడుస్తుంది, ఒళ్లు కిందికి దిగుతుంది, బాణం వీపు మీదుగా పోతుంది. ఇది బాణాన్ని చూసి తప్పుకోవడం కాదు, పరుగుకు సిద్ధమవడం. 20 గజాల్లో అయితే ఆ వ్యవధి సగానికి పడిపోతుంది. మీరు 60 గజాల్లో కాగితం మధ్యలో కొడుతున్నారంటే సంతోషమే, కానీ కాగితానికి చెవులు లేవు.

ఎల్క్, మూస్ కూడా చప్పుడుకి ఉలిక్కిపడతాయి, కానీ అంత ఒళ్లు దిగడానికి సమయం పడుతుంది. వంద పౌండ్ల ఒళ్లు దిగడానికి పట్టదు. పైగా ఈ జింక పుట్టినప్పటి నుంచి కౌగర్ నోటికి అందకుండా బతికినది. ఆ కొండల్లో కొయెట్లు ఉన్నాయి, బాబ్‌క్యాట్లు ఉన్నాయి, అప్పుడప్పుడు మెక్సికో నుంచి జాగ్వార్ కూడా వచ్చిపోతుంది. పొద పక్కన పొంచి ఉండి మీద పడే జంతువులే దాని శత్రువులు, విల్లు పట్టుకుని మనం చేసేదీ అదే పని.

అది ఉండే చోటు చూస్తే మీకు ఇంకా అర్థమవుతుంది. అరిజోనాలోని టూసాన్ చుట్టుపక్కల ఎడారి మధ్యలోంచి శాంటా రీటా, వాచుకా, చిరికావా, గలియూరో లాంటి కొండలు దీవుల్లా లేస్తాయి. కింద ముళ్ల కాక్టస్, నడుమ గడ్డి, ఓక్, జూనిపర్, పైన పైన్ చెట్లు. కూస్ ఎక్కువగా ఆ నడుమ పట్టీలో ఉంటుంది. లోయకు ఈ ఒడ్డున కూర్చుంటే ఆ ఒడ్డు మొత్తం అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. తుపాకీ వేటగాడు 300 గజాల నుంచి పని కానిచ్చేది అందుకే. కానీ విల్లుతో లోయలోకి దిగాలి, ఆ ఒడ్డు ఎక్కాలి, దిగిన క్షణం నుంచి మనకు జింక కనపడదు. ఎదుటి ఒడ్డు నుంచి చూసినప్పుడు గుర్తుపెట్టుకున్న చెట్టు, దగ్గరికి వెళ్లాక పది చెట్లలో ఒకటైపోతుంది. దూరం నుంచి చూడడానికి ఇంత అనువైన చోటు, దగ్గరికి చేరడానికి ఇంత అననువైన చోటు నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇక్కడి పద్ధతి 'గ్లాసింగ్'. 15 రెట్లు పెద్దగా చూపే బైనాక్యులర్స్‌ని ట్రైపాడ్‌కి బిగించి, మడత కుర్చీలోనో బండ మీదో కూర్చుని కొండను గళ్లు గళ్లుగా వెతకాలి. మొత్తం జింక ఎప్పుడూ కనిపించదు. బూడిదరంగు ఒళ్లు, బూడిదరంగు రాళ్లు. ఒక చెవి కదులుతుంది. ముక్కు చుట్టూ తెల్ల గీత మెరుస్తుంది. నీడలో అడ్డంగా ఉన్న గీత ఒకటి కనిపిస్తుంది, అడవిలో అన్నీ నిలువు గీతలే కాబట్టి అడ్డ గీత అంటే జింక వెన్ను అయి ఉండాలి. నాకు ఈ విద్య నేర్పింది సొనోరాలో పుట్టి టూసాన్‌లో స్థిరపడిన ఒక పెద్దాయన. మొదటి రోజు నేను గంటసేపు చూసి ఏమీ లేదన్న కొండ మీద ఆయన అదే కుర్చీలో కూర్చుని ఏడు జింకలు చూపించారు.

నా మూడో ఏడాది సంగతి చెబుతాను. శాంటా రీటాల్లో జనవరి రెండో వారం. తెల్లవారుజామున నీళ్ల బాటిల్ గడ్డకట్టింది. ఏడున్నరకు ఎండ ఎదుటి ఒడ్డు మీద పడింది, ఎనిమిదింటికి పోతు కనిపించింది, దూరం కొలిచే లేజర్ కొడితే 900 గజాలు చూపించింది. పదింటికి అది ఒక జూనిపర్ నీడలో పడుకుంది. అది ఎంచుకున్న చోటు చూడండి: ముఖం లోయ వైపు. ఎండ ఎక్కాక గాలి కింద నుంచి పైకి లేస్తుంది, కాబట్టి కింద నుంచి ఎవరొచ్చినా కంటికో ముక్కుకో దొరుకుతారు. పై నుంచి వస్తే వదులు రాళ్లు, ఎండిన ఓక్ ఆకులు. ఆ ఆకు కాలి కింద అప్పడంలా పగులుతుంది. కింద ముక్కు కాపలా, పైన చెవి కాపలా.

చుట్టూ తిరిగి పై అంచుకు చేరేసరికి పన్నెండున్నర అయింది. 90 గజాల దగ్గర బూట్లు విప్పేశాను, దళసరి ఉన్ని సాక్స్ మీద దిగడం మొదలుపెట్టాను. ఒక అడుగు, తర్వాత గాలి చూడడం. జేబులో తెల్ల పొడి సీసా ఉంటుంది, నొక్కితే పొగలాగా వచ్చి గాలి ఎటు పోతుందో చూపిస్తుంది. అది వాడినప్పుడల్లా మా అమ్మమ్మ ఊరు దోర్నాల గుర్తొస్తుంది. నల్లమల నుంచి సంతకు వచ్చే చెంచు తాత ఒకాయన, విల్లు భుజాన వేసుకుని, మాట్లాడుతూ మాట్లాడుతూ చిటికెడు మట్టి తీసి జారవిడిచేవాడు. అడవిలో లేనప్పుడు కూడా ఆ చెయ్యి ఊరుకునేది కాదు. చిన్నప్పుడు ఎందుకో అర్థం కాలేదు.

ముప్పై గజాలు దిగడానికి గంట పట్టింది. అరికాల్లో రెండు చోట్ల చోయా కాక్టస్ ముళ్లు గుచ్చుకున్నాయి, తీసుకోవడానికి వంగలేను. జూనిపర్ కొమ్మల సందులోంచి ఒక కొమ్ము కొన కనిపించింది, మెల్లగా తిరుగుతోంది, అంటే మేలుకునే ఉంది. 58 గజాలు. ఇంకో ఇరవై గజాలు చాలు అనుకుంటున్నాను. అప్పుడు నాకు కుడి వైపు, గట్టిగా చూస్తే ఏడెనిమిది గజాల్లో, నేను రాయి అనుకున్నది లేచి నిలబడింది. ఆడ జింక. నేను గంట నుంచి దాని పక్కనే దిగుతున్నాను, అది గంట నుంచి నన్నే చూస్తోంది. ఒక్కసారి గట్టిగా చీదింది. తెల్ల తోకలు మూడు లేచాయి. అక్కడ మూడు జింకలున్నాయని నాకు తెలిసింది అవి పోయాకే.

జనవరిలో అది మామూలు. కూస్‌కి జత కట్టే కాలం జనవరి, పోతు ఒంటరిగా ఉండదు. మీరు పోతును చూసుకుంటారు, మిమ్మల్ని పట్టించేది ఆడది.

అయిదో ఏడాది సంగతి చెప్పడం నాకు ఇష్టం లేదు, అయినా చెప్పాలి. గలియూరో కొండల్లో 52 గజాల్లో ఒక పోతు పక్కకు తిరిగి నిలబడింది, తల ఎత్తి నా వైపే చూస్తోంది. సాధనలో 52 నాకు లెక్కే కాదు. వదిలాను. చప్పుడుకి అది దిగింది, తిరిగింది, బాణం ఊపిరితిత్తులకు వెనక, పొట్టలో తగిలింది. అది నడిచి పొదల్లోకి వెళ్లింది. పొట్టలో తగిలితే వెంటనే వెంటపడకూడదు, అది పడుకోవాలి, అందుకే ఎనిమిది గంటలు ఆగాం. తర్వాత టార్చ్ లైట్లతో, మర్నాడు పగలంతా, మూడో రోజు మధ్యాహ్నం దాకా వెతికాం. మొదటి రెండు వందల గజాల్లో ఆకు మీద చుక్క, రాయి మీద చుక్క దొరికాయి. ఆ తర్వాత రాతి నేల. జింక దొరకలేదు. మిగిలిన సీజన్‌లో నేను విల్లు ముట్టుకోలేదు, నా ట్యాగ్ దానికే చెల్లిందనుకున్నాను. ఆ తర్వాత నా హద్దు 35 గజాలు. తల ఎత్తి నా వైపు చూస్తున్న జింక మీద పాతిక గజాల్లో కూడా వదలను. ఈ హద్దు పెట్టుకున్నాక వేట ఇంకా కష్టమైంది, అది నాకు సమ్మతమే.

మరుసటి ఏడాదే మొదటి పోతు దొరికింది. వెంటాడలేదు. రెండు లోయలను కలిపే చిన్న కనుమ ఉంది, ఆడ జింకలు పొద్దున ఎండ కోసం దాని మీదుగా దాటుతాయని నాలుగు రోజులు దూరం నుంచి చూశాను. అయిదో రోజు చీకట్లోనే వెళ్లి, గాలి నా ముఖం మీదికి వచ్చేలా ఒక ఓక్ మొదలు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. ఎనిమిది ఇరవైకి ఆడది దాటింది. దాని వెనకే ముక్కు నేలకు ఆనించి పోతు వచ్చింది. ముక్కులోంచి ఆవిరి వస్తోంది. చెట్టు చాటుకు దాని తల వెళ్లినప్పుడు విల్లు లాగాను. చెట్టు దాటి వచ్చి ఆగింది, 24 గజాలు, తల కిందికే ఉంది. ముందు కాలి వెనక మడత దగ్గర వెంట్రుకలు గాలికి రెండుగా చీలాయి, గురి అక్కడ పెట్టాను. బాణం తగిలిన చప్పుడు తడి గుడ్డను బండకు కొట్టినట్టు వినిపించింది. డెబ్బై గజాలు పరిగెత్తి పడిపోయింది. నేను లేవలేకపోయాను, కాళ్లు తిమ్మిరెక్కాయి, చేతులు వణుకుతున్నాయి. అరగంట తర్వాత దాని దగ్గరికి వెళ్లి తల మీద చెయ్యి వేసి కూర్చున్నాను. ఆరేళ్లుగా దూరం నుంచి చూస్తున్నవాడికి అది ఎంత చిన్నదో అప్పుడు తెలిసింది.

ఎముక తీసేస్తే ముప్పై పౌండ్లకు కాస్త పైన మాంసం వచ్చింది. ఒక్కడినే వీపున మోసుకుని దిగాను. మన కోస్తాలో మేక మాంసాన్ని ఇప్పటికీ 'వేట మాంసం' అనే అంటారు కదా. ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేసి వేట కూర వండుతున్నానంటే, మటన్ కిలో ఎంత అని అడిగింది. అర్థమయ్యేలా చెప్పడానికి చాలాసేపు పట్టింది. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి జంతువుల వేట నేరం, అది అలాగే ఉండాలి. ఇక్కడ ఎన్ని జంతువులు ఉన్నాయో లెక్కగట్టి, దాన్నిబట్టే ట్యాగులు ఇస్తారు. మనం కొనే విల్లు మీద 11 శాతం ఫెడరల్ పన్ను ఉంటుంది, అది రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు వెళుతుంది. ఇది తెలిశాకే నేను ఈ దారిలోకి వచ్చాను.

కూస్‌ని నీటి దగ్గర మాటు వేసి కొడితే సులువు కదా అని కొందరు అంటారు. ఆగస్టు ఆఖరు, సెప్టెంబర్ మొదట్లో ఎండిపోయిన ఏడాది అది నిజమే. కానీ వర్షాలు బాగా పడితే ప్రతి బండ గుంటలో నీళ్లు ఉంటాయి, మీరు కూర్చున్న గుంటకు అది ఎందుకు రావాలి? అరిజోనాలో 2022 జనవరి నుంచి వేటకు ట్రైల్ కెమెరాలు నిషేధం, ఎర పెట్టడం కూడా నిషేధం. నాకు ఈ నియమాలు నచ్చాయి. పొద్దున్నే ఫోన్‌లో ఫొటో చూసుకుని వెళ్లే వేటకు, అడుగుజాడ చూసి వెళ్లే వేటకు తేడా ఉండాలి.

1990లో చక్ ఆడమ్స్ అప్పట్లో లెక్కలో ఉన్న 27 రకాల పెద్ద జంతువులనూ విల్లుతో పూర్తి చేసిన మొదటి మనిషి అయ్యాడు. ఇప్పుడు ఆ లెక్క 29. ఆ జాబితా పూర్తి చేయాలంటే డబ్బు, సమయం, మంచు, సముద్రం అన్నీ దాటాలి. మనలాంటి ఉద్యోగస్తులకు అది కుదిరే పని కాదు. కూస్ విషయంలో గొప్పతనం ఏమిటంటే దీనికి లాటరీ అక్కర్లేదు, హెలికాప్టర్ అక్కర్లేదు. అరిజోనాలో విల్లుకు డ్రా లేకుండా అమ్మే జింక ట్యాగ్ ఉంది. బయటి రాష్ట్రంవాళ్లకు అవి పరిమిత సంఖ్యలోనే ఇస్తారు కాబట్టి అమ్మకం మొదలయ్యే రోజున చూసుకోండి. ఒక్కో యూనిట్‌కి, అంటే వేట ప్రాంతానికి, జింకల పరిమితి ఉంటుంది, నిండితే ఆ యూనిట్ మూసేస్తారు, బయల్దేరే ముందు రోజు వెబ్‌సైట్ చూడడం మర్చిపోవద్దు.

మీరు హెచ్‌1బీ మీద ఉన్నానని రాశారు. తుపాకీ విషయంలో ఆ వీసాకు ఫెడరల్ చట్టంలో అడ్డు ఉంది, వేట లైసెన్స్ ఉన్నవాళ్లకు మినహాయింపు ఉన్నా ఆ టెన్షన్ ఎందుకని మనవాళ్లు చాలామంది విల్లు పట్టారు. విల్లు ఆ చట్టం కిందికి రాదు. అలాస్కా ప్లాన్ ఉంటే మాత్రం, అమెరికా పౌరులు కానివాళ్లు అక్కడ ఏ పెద్ద జంతువుకైనా గైడ్‌తోనే వెళ్లాలని గుర్తుంచుకోండి. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు టెక్సస్‌లోనే చేసేయండి, ఆ సర్టిఫికెట్ మిగతా రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది.

సాధన విషయం. 60 గజాల కాగితాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టండి. మోకాళ్ల మీద కూర్చుని కొట్టండి, కొండ వాలు మీద ఒక కాలు పైన ఒక కాలు కింద పెట్టి కొట్టండి. విల్లు పూర్తిగా లాగి నిమిషంపాటు పట్టుకుని అప్పుడు వదలండి, జింక చెట్టు చాటున ఆగితే మీరు అంతసేపూ ఆగాలి. రోజుకు ముప్పై బాణాలు వేసేకంటే, పొద్దున లేచి ఒళ్లు బిగుసుకుని ఉన్నప్పుడు ఒకే ఒక్క బాణం వేసి, ఆ రోజుకు అంతే అనుకోండి. అడవిలో మీకు దొరికేది ఆ మొదటి బాణమే. విల్లుకి, నారికి చప్పుడు తగ్గించే రబ్బరు బిగింపులు పెట్టించుకోండి, బాణం కాస్త బరువైనదే తీసుకోండి, వేగం కొంచెం తగ్గినా పర్లేదు, చప్పుడు తగ్గుతుంది. డబ్బు ఒక్కదాని మీదే పెట్టగలిగితే మంచి బైనాక్యులర్స్, గట్టి ట్రైపాడ్ మీద పెట్టండి. కొత్త విల్లు మీద వద్దు.

వచ్చే జనవరి మొదటి రెండు వారాల్లో సెలవు దొరికితే టూసాన్ రండి. ట్యాగ్ దొరకకపోయినా రండి. నా దగ్గర రెండో ట్రైపాడ్ ఉంది, దళసరి సాక్స్ మాత్రం మీవి మీరు తెచ్చుకోండి.